కరెంటు రేటు పెంచెటోళ్లను మనమే ఓటేసి దించగలిగితే?

అమెరికాల ఎలక్షన్లు అయినప్పుడల్లా మన ఫోన్లల ఒక్కటే ముచ్చట తిరుగుతది: "మనోళ్లు గెలిచిండ్రు." 2022ల కాట్రగడ్డ అరుణా మిల్లర్ మేరీలాండ్ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్‌గ గెలిచినప్పుడు గదే. 2025 నవంబర్ 4న గజాలా హష్మీ వర్జీనియాల గదే పదవి గెలిచినప్పుడు గదే. ఇద్దరూ హైదరాబాద్‌ల పుట్టి, చిన్నప్పుడే ఇంటోళ్లతోని అటు పోయినోళ్లు. సంబురపడుడుల తప్పేం లేదు. గాని ఆ కుర్చీల కూసున్నోళ్లు ఏం పని జేస్తరు, జనం వాళ్లకు నేరుగ ఎందుకు ఓటేస్తరు అని విడమరిచి చెప్పినోళ్లు తక్కువ.

అదే నవంబర్ 4న జార్జియా రాష్ట్రంల ఇంకో ఎలక్షన్ అయింది. అందుల మనోళ్లు లేరు కాబట్టి మన దిక్కు దాని ఊసు పెద్దగ రాలే. ఊర్లల ఉండే మనకు అసలు పనికొచ్చే ముచ్చట మాత్రం అదే అని నేనంట. ఎందుకంటె ఆ రోజు జార్జియా జనం ఓటేసింది కరెంటు రేట్లు ఖరారు జేసే కమిషన్ మెంబర్లకు.

అవును, కరెంటు రేటు ఎంతుండాలె అని సంతకం పెట్టెటోళ్లను అక్కడ జనమే ఓటేసి కూసోబెడతరు. నచ్చకపోతే ఓటేసి దించుతరు. ఆ రోజు ఇద్దరిని దించిండ్రు గూడ.

ఆ ముచ్చట మొత్తం చెప్తా. అందుల మనం మెచ్చుకునేటివి ఉన్నయి, భయపడేటివి గూడ ఉన్నయి.

మనకు ఒక్క గుండీ, వాళ్లకు బారెడు పట్టీ

మన కాడ అసెంబ్లీ ఎలక్షన్ అంటె ఒక్క గుండీ. ఎమ్మెల్యేను ఎన్నుకుంటం. ఎక్కువ మంది ఎమ్మెల్యేలు ఏ దిక్కుంటే ఆ దిక్కు లీడర్ సీఎం అయితడు. మంత్రులను ఆయన ఏరుకుంటడు. వ్యవసాయం ఎవరికియ్యాలె, చదువుల శాఖ ఎవరికియ్యాలె అనేది ఆయన ఇష్టం, ఆయన పార్టీ పెద్దల ఇష్టం. మన దగ్గర గవర్నర్‌ను పంపేది ఢిల్లీ. ఒక్క గుండీ నొక్కినంక ఐదేండ్ల దాక మన చేతుల ఏముండదు.

అమెరికా రాష్ట్రాలల లెక్క వేరే. అక్కడ గవర్నర్ అంటె మన సీఎం లెక్క, రాష్ట్రాన్ని నడిపేటాయన. ఆయనను రాష్ట్రమంతా కలిసి నేరుగ ఎన్నుకుంటది. శానా రాష్ట్రాలల అంతటితోని అయిపోదు. జార్జియానే తీసుకోండ్రి. అక్కడ గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్, ఎలక్షన్లు చూసుకునే సెక్రటరీ ఆఫ్ స్టేట్, సర్కారుకు పెద్ద వకీలు అయిన అటార్నీ జనరల్, సర్కారు బడుల సూపరింటెండెంట్, వ్యవసాయ కమిషనర్, ఇన్సూరెన్స్ కమిషనర్, కార్మిక కమిషనర్, ఈ ఎనిమిది పదవులకు రాష్ట్రమంతా ఓటేస్తది. ఒక్కో కుర్చీకి సపరేట్ ఓటు. గవర్నర్‌కు ఒక పార్టీ మీద వేసి, వ్యవసాయ కమిషనర్‌కు ఇంకో పార్టీ మీద వెయ్యొచ్చు. వీటికి తోడు కరెంటు కమిషన్ల ఐదుగురు.

ఆ వ్యవసాయ కమిషనర్ పని వింటే మన రైతు పిల్లలకు జర ఆశ పుడుతది. పంటలు, తిండి సామాన్ల తనిఖీలతోపాటు తూకాలు, పెట్రోల్ బంకుల కొలతలు చూసే శాఖ గూడ ఆయన కిందనే ఉంటది. మన దగ్గర కొనుగోలు సెంటర్ల వడ్లు తూకమేసేటప్పుడు తరుగు పేరు మీద బస్తాకు ఇన్ని కిలోలు కోత పెడతరు. ఎవరిని అడగాలె? సెంటరోళ్లు మిల్లరు అంటరు, మిల్లరు తేమ అంటడు, ఆఫీసుకు పోతే మా శాఖ కాదంటరు. రైతు ఒక్కడు, తలుపులు నాలుగు. అక్కడ తూకానికి జవాబు చెప్పే మనిషి నాలుగేండ్లకోసారి తానే వచ్చి ఓటు అడుగుతడు. పని మంచిగ జేస్తడా లేదా అన్నది వేరే సంగతి. అడగడానికి ఒక పేరు, ఒక మొఖం అయితే ఉన్నది.

అన్ని రాష్ట్రాలల ఒక్క తీరు ఉండదు. వర్జీనియాల రాష్ట్రమంతా ఓటేసేది మూడు కుర్చీలకే: గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్, అటార్నీ జనరల్. మూడింటికి మూడు ఓట్లు. అందుకే గజాలా హష్మీ తన ఓట్లు తానే తెచ్చుకోవాల్సి వచ్చింది. మేరీలాండ్‌ల గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్ ఒక జోడీ, ఇద్దరికి కలిపి ఒక్కటే ఓటు. అరుణా మిల్లర్ గెలిచింది గవర్నర్ వెస్ మూర్‌తోని జోడీగ. పదవి పేరు ఒక్కటే గాని గెలిచిన తొవ్వలు వేరు. "మనోళ్లు గెలిచిండ్రు" అనే వీడియోల ఈ ఫరక్ కనబడదు.

ఇగ 2026 నవంబర్ 3న 36 రాష్ట్రాలల గవర్నర్ ఎలక్షన్లున్నయి. అదే రోజు వాళ్ల కాంగ్రెస్ ఎలక్షన్లు. కాంగ్రెస్ అంటె పార్టీ పేరు అనుకునేరు, అది వాళ్ల పార్లమెంటు. మన లోక్‌సభ లెక్క ఉండే ప్రతినిధుల సభల 435 సీట్లకు, సెనేట్‌ల మూడోవంతు సీట్లకు ఓట్లు పడతయి. జార్జియాల గవర్నర్ కుర్చీ, ఒక సెనేట్ సీటు, 14 ప్రతినిధుల సభ సీట్లు అన్నీ ఒక్కటే రోజు. ఓటరు చేతిల పట్టీ బారెడు ఉంటదంటె గిందుకే.

కరెంటు బిల్లు ఓటైన రోజు

జార్జియాల పెద్ద కరెంటు కంపెనీ జార్జియా పవర్. ప్రైవేటుది. అది రేటు పెంచాలంటె పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఒప్పుకోవాలె. ఆ కమిషన్ల ఐదుగురు మెంబర్లు, ఆరేండ్ల పదవి. 2025కు ముందు ఐదుగురూ రిపబ్లికన్లే.

రెండు మూడేండ్లల బిల్లులు మళ్ల మళ్ల పెరిగినయి. దానికి పెద్ద కారణం వోగ్టల్ అణు కరెంటు ప్లాంటు. అక్కడ కట్టిన రెండు కొత్త యూనిట్లు ఏండ్ల తరబడి లేటయి, ఒకటి 2023ల, ఇంకోటి 2024ల నడుసుడు షురూ అయినయి. ఖర్చు మొదలు అనుకున్నదానికి రెట్టింపు దాటి, 30 బిలియన్ డాలర్ల మీదికి పోయింది. అందుల శానా భారం బిల్లు కట్టేటోళ్ల మీద పడ్డది. దాని మీదికెళ్లి డేటా సెంటర్ల లొల్లి. ఏఐ కోసం కట్టే ఆ పెద్ద పెద్ద షెడ్లు ఊర్లకు ఊర్లు తాగేంత కరెంటు తాగుతయి. వాటికోసం కొత్త ప్లాంట్లు కడితే ఖర్చు ఎవరి బిల్లుల పడాలె అన్నది అక్కడి జనం అడిగిన ప్రశ్న.

నవంబర్ 4న రెండు సీట్లకు ఓట్లు పడ్డయి. కుర్చీలున్న ఇద్దరు రిపబ్లికన్లు ఓడిపోయిండ్రు. డెమోక్రాట్లు అలీషియా జాన్సన్, పీటర్ హబ్బార్డ్ 60 శాతం దాటి ఓట్లతోని గెలిచిండ్రు. జార్జియాల రాష్ట్ర సర్కారు పదవి ఒకటి డెమోక్రాట్లు గెలవడం 2006 తర్వాత గదే మొదలు. ఏడాది కింద 2024ల అదే రాష్ట్రం ట్రంప్‌ను గెలిపించింది. అంటె పార్టీ జెండా చూసి ఓటేసేటోళ్లల గూడ కొందరు, బిల్లు కాగితం చేతికొచ్చేసరికి జెండా పక్కకు పెట్టిండ్రని నాకనిపిస్తది.

మన దగ్గర కరెంటు రేట్ల మీద జనం కోపం ఎట్ల బయటపడ్డదో యాదికి తెచ్చుకోండ్రి. మీలో శానా మంది అప్పటికి పుట్టలే. ఉమ్మడి రాష్ట్రంల 1998ల విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది, 1999ల రెగ్యులేటరీ కమిషన్ వచ్చింది, 2000ల చార్జీలు పెరిగినయి. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్ కాడ చార్జీల మీద ఆందోళన జేస్తున్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపిండ్రు. ముగ్గురి ప్రాణాలు పోయినయి. సర్కారుకు ఓటుతోని జవాబు చెప్పే మోక మళ్ల 2004 దాక రాలే. 2004ల గెలిచిన వైఎస్ రాజశేఖర్‌రెడ్డి ఉచిత కరెంటు ఫైలు మీద మొదటి సంతకం పెట్టిండు. ఆ నాలుగేండ్ల నడుమ రేటు పెంచిన కుర్చీని జనం ఏం జెయ్యలేకపోయిండ్రు. ఎందుకంటె ఆ కుర్చీ ఓటుకు అందేది కాదు.

గిప్పటికీ అంతే. మన విద్యుత్ రెగ్యులేటరీ కమిషన్ చైర్మన్‌ను, మెంబర్లను పెట్టేది సర్కారు. హైకోర్టుల పని జేసిన జడ్జి, రాష్ట్ర చీఫ్ సెక్రటరీ ఉండే సెలక్షన్ కమిటీ పేర్లు చెప్తది, సర్కారు ఒకరిని నియమిస్తది. వాళ్ల పేర్లు మన ఊరి చాయ్ హోటల్ కాడ అడిగితే చెప్పేటోళ్లు ఎంతమంది?

అట్లయితే అన్నిటికీ ఓటేస్తే అయిపోతదా?

జర ఆగుండ్రి. జార్జియా ముచ్చటల రెండో దిక్కు గూడ ఉన్నది.

మొదటిది, ఆ ఎలక్షన్‌ల ఓటేసింది రిజిస్టర్ అయిన ఓటర్లల ఐదుగురికి ఒక్కరు, అటుఇటుగ. మిగిలిన నలుగురు ఇంట్లనే ఉన్నరు. పట్టీ బారెడైతే పేర్లు గుర్తుండవు. పేరు గుర్తులేకుంటే పార్టీ చూసి గుద్దుతరు, లేకుంటే ఖాళీ విడిచిపెడతరు.

రెండోది, పైసలు. రాష్ట్రమంతా తిరిగి ఓట్లు అడగాలంటె ఖర్చయితది. కరెంటు కమిషన్ మెంబర్‌గ నిలబడ్డ మనిషికి చందా ఇయ్యాలని ఎవరికి ఎక్కువ ఆత్రం ఉంటది? బిల్లు కట్టే పేదోనికా, ఆ కమిషన్ సంతకంతోని పని ఉన్నోళ్లకా? జవాబు మీకు ఎరికే.

మూడోది ఇంకా లోతుది. ఆ ఐదుగురు మెంబర్లు ఒక్కొక్కరు ఒక్కో జిల్లాల ఉండాలె గాని, ఓటు మాత్రం రాష్ట్రమంతా వేస్తది. ఇట్లయితే నల్లజాతి జనం ఎక్కువున్న జిల్లాల గూడ వాళ్లు కోరుకున్న మనిషి గెలవడు, మా ఓటు రాష్ట్రం ఓట్లల మునిగిపోతున్నది అని కొందరు కోర్టుకు పోయిండ్రు. 2022ల ఒక ఫెడరల్ జడ్జి వాళ్ల మాట నిజమే అన్నడు, ఎలక్షన్లు ఆపిండు. 2023ల పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. ఈ లొల్లిల 2022ల, 2024ల జరగాల్సిన ఎలక్షన్లు జరగలే. పదవీకాలం అయిపోయినోళ్లు కుర్చీల అట్లనే కూసున్నరు, రేట్ల మీద సంతకాలు పెట్టుకుంటనే పోయిండ్రు.

ఇది మనకు కొత్త గాదు. తెలంగాణల సర్పంచుల పదవీకాలం 2024 జనవరి ఆఖరుకు అయిపోతే, మళ్ల ఎలక్షన్లు 2025 డిసెంబర్‌ల అయినయి. నడుమ దగ్గర దగ్గర రెండేండ్లు ఊర్లను నడిపింది స్పెషల్ ఆఫీసర్లు. నల్లా రాకపోతే అడగడానికి మనం ఓటేసిన మనిషి లేడు. ఓటు హక్కు పుస్తకంల ఉంటె సరిపోదు, ఎలక్షన్ టైముకు జరగాలె. గది అక్కడా ఇక్కడా ఒక్కటే పాఠం.

నాలుగోది వింటే మీకు మన రాజకీయాలే కండ్ల ముందట కనబడతయి. నవంబర్‌ల ఇద్దరు మెంబర్లు ఓడిపోయిండ్రు గదా. కొత్తోళ్లు జనవరిల కుర్చీ ఎక్కాలె. ఈ నడుమ డిసెంబర్ 19న పాత కమిషనే కూసోని, జార్జియా పవర్ అడిగిన దగ్గర దగ్గర 10,000 మెగావాట్ల కొత్త కరెంటు ప్లాన్‌కు ఐదుగురు కలిసి ఒప్పుకున్నరు. ఎక్కువ శాతం డేటా సెంటర్ల కోసమే. జనం దించిన ఇద్దరూ దిగేముందు ఆ ఓటు వేసిపోయిండ్రు. చట్టం ప్రకారం తప్పు గాదు. గాని ఓటేసిన జనానికి ఎట్లుంటది?

అంపైర్‌కు గూడ పార్టీ ఉంటే

ఇంతకంటె పెద్ద భయం సెక్రటరీ ఆఫ్ స్టేట్ కుర్చీ కాడ ఉన్నది. ఎలక్షన్లు నడిపేటోడే పార్టీ టికెట్ మీద గెలిచి వస్తడు. ఆటగాళ్లల ఒక టీమే అంపైర్‌ను తెచ్చుకున్నట్టు.

2018ల జార్జియా సెక్రటరీ ఆఫ్ స్టేట్ బ్రయన్ కెంప్. ఆ ఏడు గవర్నర్‌గ పోటీ జేసింది గూడ ఆయననే. అంటె తన ఎలక్షన్‌ను చూసుకునే ఆఫీసుకు తానే పెద్ద. దిగిపోవాలని ఎంతమంది అడిగినా దిగలే. నవంబర్ 6న పోలింగ్ అయితే, 8న రాజీనామా ఇచ్చిండు. డెమోక్రాట్ స్టేసీ అబ్రమ్స్ మీద దగ్గర దగ్గర 55 వేల ఓట్లతోని గెలిచిండు. ఓట్లు తారుమారు అయినయని నేననట్లే. గాని తన పెండ్లికి తానే పురోహితుడైతే చూసేటోళ్లకు అనుమానం వచ్చుడు సహజం. ఎలక్షన్ల నమ్మకం పోయిందంటె మిగిలేదేముంది?

ఇగ అదే కుర్చీల తర్వాత కూసున్న మనిషి కథ రెండో దిక్కు. 2020 ప్రెసిడెంట్ ఎలక్షన్‌ల జార్జియాల బైడెన్ 11,779 ఓట్లతోని గెలిచిండు. 50 లక్షల ఓట్లల గింత తేడా. మళ్ల లెక్కబెట్టిండ్రు, చేతులతోని గూడ లెక్కబెట్టిండ్రు, ఫలితం మారలే. 2021 జనవరి 2న ట్రంప్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ బ్రాడ్ రాఫెన్స్‌పెర్గర్‌కు ఫోన్ జేసి, నాకు 11,780 ఓట్లు దొరకాలె అన్నడు. ఆయన గూడ రిపబ్లికనే, ట్రంప్ పార్టోడే. అయినా ఒప్పుకోలే. లెక్క లెక్కే అన్నడు.

ఆయన కుర్చీ ట్రంప్ ఇచ్చింది కాదు, గవర్నర్ ఇచ్చింది గూడ కాదు. జనం ఇచ్చింది. ట్రంప్‌కు ఆయనను దించే దారి మళ్ల ఓటే. ట్రంప్ ఆ దారినే పట్టిండు. 2022 పార్టీ ప్రైమరీల జోడీ హైస్ అనే ఎంపీని రాఫెన్స్‌పెర్గర్ మీదికి నిలబెట్టి మద్దతిచ్చిండు. రిపబ్లికన్ ప్రైమరీల ఓటేసినోళ్లే రాఫెన్స్‌పెర్గర్‌ను మళ్ల గెలిపించిండ్రు. పై నుంచి ఫోన్ వచ్చినా తట్టుకోని నిలబడే బలం ఆయనకు యాడికెళ్లి వచ్చింది అంటె, ఆయన వెనుక తన సొంత ఓట్లున్నయి.

గాని ఇంకో ముక్క చెప్పకుంటే కథ సగమే. 2021ల జార్జియా అసెంబ్లీ కొత్త చట్టం తెచ్చి, రాష్ట్ర ఎలక్షన్ బోర్డు చైర్మన్ పదవికెళ్లి సెక్రటరీ ఆఫ్ స్టేట్‌ను తప్పించింది. జనం ఎన్నుకున్న కుర్చీని తీసెయ్యలేరు, సరే. ఆ కుర్చీ కాళ్లు మాత్రం కొయ్యొచ్చు. మన సర్పంచులకు ఈ బాధ బాగ తెలుసు. ఓట్లు మనయి, అధికారం కాగితం మీద మనది, నిధులు మాత్రం పై నుంచి ఎప్పుడొస్తయో తెల్వదు.

కెంప్ కథ చూస్తే ఎన్నికైన అంపైర్ వద్దనిపిస్తది. రాఫెన్స్‌పెర్గర్ కథ చూస్తే ఎన్నికైన అంపైరే కావాలనిపిస్తది. కుర్చీ ఒక్కటే, నడుమ తేడా రెండేండ్లే. మంచి మనిషి కూసుంటే మంచిగుంటది అనే లెక్క మీద ఒక రాజ్యాన్ని నడపలేం. నా మాట సూటిగ చెప్తా: ఓట్లు లెక్కబెట్టేటోళ్లు ఏ పార్టీ టికెట్ మీద రావద్దు. మన కాడ ఎలక్షన్ కమిషనర్లను నియమించే కమిటీల ప్రధాని, ఒక కేంద్ర మంత్రి, ప్రతిపక్ష నేత ఉంటరు, అంటె ముగ్గురిల ఇద్దరు సర్కారోళ్లే. 2023 చట్టం అట్లున్నది. దాన్ని మనం సరిచేసుకోవాలె. దానికి మందు మాత్రం అమెరికా పద్ధతి గాదు.

గీత గీస్తే సీటు మారుతది, రాష్ట్రానికి గీత గియ్యలేరు

రాష్ట్రమంతా ఓటేసే ఎలక్షన్‌కు ఒక గొప్ప గుణం ఉన్నది. దాని సరిహద్దు ఎవ్వరు మార్చలేరు.

జార్జియాల రెండు పార్టీల బలం దగ్గర దగ్గర సమానం. 2021 జనవరిల జరిగిన రెండో విడత పోటీల రెండు సెనేట్ సీట్లు డెమోక్రాట్లు గెలిచిండ్రు. సెనేట్‌కు రాష్ట్రమంతా ఓటేస్తది. అదే రాష్ట్రంల ప్రతినిధుల సభకు 14 సీట్లుంటే, 2024ల 9 రిపబ్లికన్లకు, 5 డెమోక్రాట్లకు వచ్చినయి. జనం వాళ్లే, మరి ఈ తేడా ఏంది? ఒక పార్టీ ఓటర్లు అట్లాంటా చుట్టే కుప్పబడి ఉన్నరన్నది ఒక కారణం. నియోజకవర్గాల గీతలు గీసేది రాష్ట్ర అసెంబ్లీ, అంటె అక్కడ బలమున్న పార్టీ అన్నది రెండో కారణం.

2025ల ఇది బహిరంగ లొల్లి అయింది. టెక్సాస్ అసెంబ్లీ జనాభా లెక్కలు కొత్తయి రాకముందే పటం మార్చి, రిపబ్లికన్లకు ఐదు సీట్లు కలిసొచ్చేటట్టు గీసుకున్నది. దానికి బదులుగ కాలిఫోర్నియా డెమోక్రాట్లు తమ పటం మార్చుకుందామని జనాన్ని అడిగితే, నవంబర్ 4న జనం సరే అన్నరు. ఓటర్లు లీడర్లను ఎన్నుకోవాలె గాని, లీడర్లే ఓటర్లను ఏరుకుంటున్నరు.

మన కాడ డీలిమిటేషన్ ముచ్చట నడుస్తున్నది. తెలంగాణకు 17, ఆంధ్రప్రదేశ్‌కు 25 ఎంపీ సీట్లు. జనాభా లెక్కన సీట్లు పంచితే దక్షిణాది వాటా తగ్గుతదనే భయం న్యాయమైనదే. ఒక్క సంగతిల మాత్రం మనం నయం. ఇక్కడ గీతలు గీసేది అసెంబ్లీల గెలిచిన పార్టీ గాదు, సుప్రీంకోర్టు జడ్జిగ పని జేసిన మనిషి పెద్దగ ఉండే కమిషన్. ఎన్ని సీట్లు అనే కొట్లాట కొట్లాడాల్సిందే. గీత ఎవరు గీస్తరు అనే దాని మీద గూడ కన్నుండాలె.

మన ఊర్ల గీ ముచ్చట ఎప్పుడో మొదలైంది

అధికారం ఒక్కని చేతుల పెట్టకుండ పంచాలె అనే ఆలోచన అమెరికోళ్ల సొత్తు గాదు. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌తోపాటు ఉపసర్పంచ్‌కు గూడ చెక్కు మీద సంతకం హక్కు ఇచ్చింది. ఒక్కడే పైసలు మింగకుండ రెండో కన్ను పెట్టాలని లెక్క. యాదుంచుకోండ్రి, సర్పంచ్‌కు ఓటేసేది మనం, ఉపసర్పంచ్‌ను ఎన్నుకునేది వార్డు మెంబర్లు. ఏమైంది? ఇద్దరికి పడినకాడ ఊరు బాగుపడ్డది. పడనికాడ చెక్కు బీరువాల, మోరీ రోడ్డు మీద. కొన్నికాడ ఇద్దరూ కలిసి మింగుడు గూడ అయింది.

జార్జియా పొడుగు పట్టీ కథ గూడ గింతే. అధికారం పంచితే దొంగతనం కష్టమయితది, పని గూడ కష్టమయితది. అందుకే "అన్నిటికీ ఓటు" అనే మాట నేననను. నేను పెట్టుకున్న కొలత ఒక్కటే. జనం జేబు మీద, పంట మీద, రోజూ బతుకు మీద నేరుగ పడే నిర్ణయం జేసే కుర్చీ అయితే, అది జనానికి అందే ఎత్తుల ఉండాలె. ఓట్లు లెక్కబెట్టే కుర్చీ, తీర్పు చెప్పే కుర్చీ, గీత గీసే కుర్చీ మాత్రం పార్టీల చేతికి అందనంత ఎత్తుల ఉండాలె. అమెరికా శానాకాడ ఈ రెండింటినీ ఒక్కటే గంపల వేసింది. మనం రెండు దిక్కులా జనానికి దూరం పెట్టినం.

రాజ్యాంగం రేపటికి మారదు. కరెంటు కమిషన్‌కు ఓట్లు వచ్చే ఏడు రావు. గాని ఒక తలుపు తెరిచే ఉన్నది, మనమే పోతలేం. 2003 విద్యుత్ చట్టం ప్రకారం డిస్కంలు రేట్లు అడిగినప్పుడు ఆ కాగితాలు జనం ముందట పెట్టాలె. జనం అభ్యంతరాలు తీసుకున్నంకనే కమిషన్ 120 రోజులల ఆర్డర్ ఇయ్యాలె. ఎవరైనా రాసి ఇయ్యొచ్చు, బహిరంగ విచారణల మాట్లాడొచ్చు. వకీలు అక్కర్లేదు. మన ఊరి ట్రాన్స్‌ఫార్మర్ ఎన్నిసార్లు కాలింది, ఎన్ని రోజులకు బాగైంది, మోటర్లు ఎన్ని కాలినయి, లోవోల్టేజీ ఏ ఫీడర్ మీద ఉన్నది, ఇవన్నీ తారీఖులతోని రాసుకోని పోయే పిలగాండ్లు మండలానికి పదిమంది ఉంటె ఆ విచారణ తీరే మారుతది. జార్జియాల బిల్లు కాగితం ఓటైంది. మన కాడ అది కనీసం ఒక అర్జీ అన్న కావొచ్చు గదా.

ఇంకోటి. రేపు ఎమ్మెల్యే టికెట్ మీద ఎవరొచ్చినా ఒక ప్రశ్న అడుగుండ్రి: "అన్నా, కరెంటు కమిషన్‌ల, ఎలక్షన్ కమిషన్‌ల ఎవరిని పెట్టాలె అనేది మీ పార్టీ ఎట్ల తేలుస్తది?" జవాబు రాకపోవచ్చు. అడిగినోళ్లు ఉన్నరని మాత్రం వాళ్లకు తెలుస్తది.

నవంబర్‌ల మళ్ల ఫోన్లల వీడియోలు వస్తయి, మనోళ్లు గెలిచిండ్రని, ఓడిండ్రని. చూడుండ్రి, సంబురపడుండ్రి. గెలిచినోళ్ల పేరుతోపాటు ఆ కుర్చీ పని ఏందో గూడ అడిగి తెలుసుకోండ్రి. అసొంటి కుర్చీ మన కాడ ఎవరి చేతుల ఉన్నదో చూసుకుంటే, మన ఓటు యాడ ఆగిపోతున్నదో మీకే అర్థమయితది.